ఉష్ణం అల్లిన అణుమాల

ఇంటర్మీడియట్ విద్యార్థి రసాయనశాలలో అడుగుపెట్టిన తొలి నెలల్లో చేసే పరీక్షలలో లవణాన్ని పొడిగా వేడిచేసి చూడటం ఒకటి. సికింద్రాబాదులోని మారేడ్‌పల్లిలో చదివినా, శ్రీకాకుళంలో చదివినా ఆ పరీక్ష ఒకే తీరుగా సాగుతుంది. శుభ్రమైన పరీక్షనాళికలో చిటికెడు మైలుతుత్తం వేసి మంట మీద పట్టుకుంటారు. నెమలికంఠపు వన్నెతో మెరిసే స్ఫటికాలు చిటపటలాడి, క్రమంగా రంగు కోల్పోయి, తెల్లని పొడిగా మారతాయి. నాళిక పైభాగంలో నీటి బిందువులు పేరుకుంటాయి. చల్లారిన తరువాత ఆ తెల్లని పొడి మీద ఒక నీటిచుక్క వేస్తే పోయిన నీలిరంగు తిరిగి వస్తుంది. ‘రాగి లవణం కావచ్చు’ అని పుస్తకంలో రాసుకొని విద్యార్థి తరువాతి పరీక్షకు వెళ్తాడు.

చూడటానికి సామాన్యమైన ఈ ప్రక్రియలో రసాయనశాస్త్రంలోని ఒక పెద్ద అధ్యాయమే ఇమిడి ఉంది. మైలుతుత్తం స్ఫటికంలో ప్రతి రాగి అయాన్ చుట్టూ నాలుగు నీటి అణువులు ఒకే తలంలో, చతురస్రపు నాలుగు మూలలవలె అమరి ఉంటాయి. పైనా కిందా సల్ఫేటుకు చెందిన ఆక్సిజన్లు కాస్త దూరంగా నిలుస్తాయి. ఐదవ నీటి అణువు రాగిని అంటిపెట్టుకొని ఉండదు. అది హైడ్రోజన్ బంధాల ఆసరాతో సల్ఫేటు పక్కన చేరి ఉంటుంది. ఈ విధంగా ఒక లోహ అయాన్ చుట్టూ కొన్ని అణువులో, అయాన్లో తమ ఎలక్ట్రాన్ జంటలను అందిస్తూ నిర్దిష్టమైన ఆకృతిలో చేరినప్పుడు ఏర్పడే పదార్థాన్ని సంశ్లిష్టం అంటారు. లోహం చుట్టూ చేరేవాటికి లైగాండ్లు అని పేరు. ఈ కూర్పుకు ఒక జ్యామితి ఉంటుందని 1893లో మొదటిసారిగా ప్రతిపాదించినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. స్ఫటికంలోని అణువుల అమరికను కంటికి కట్టించే సాధనాలేవీ లేని కాలంలో, కేవలం రంగులను, తూకాలను, విద్యుద్వాహకతను చూసి చేసిన ఆ ఊహ నిజమని తేలటంతో 1913లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది.

వేడికి ఏమి పోయిందో తెలుసుకోవటానికి తక్కెడ చాలు. 100 గ్రాముల మైలుతుత్తాన్ని పూర్తిగా నిర్జలం చేస్తే సుమారు 64 గ్రాముల తెల్లని పొడి మిగులుతుంది. తక్కిన 36 గ్రాములు నీటి ఆవిరిగా వెళ్లిపోతుంది. అయితే ఆ నీరు ఒక్కసారిగా పోదు. మొదటి నాలుగు అణువులు 100 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా దశలవారీగా విడివడతాయి. సల్ఫేటు పక్కన చేరిన ఐదవ అణువు మాత్రం 200 డిగ్రీలు దాటితే గాని కదలదు. రాగిని నేరుగా పట్టుకున్నవి ముందు పోవటం, పట్టుకోనిది చివరిదాకా నిలవటం మొదట వింతగానే తోస్తుంది. సంశ్లిష్టంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఇరుగుపొరుగులు ఎవరు అన్నదే ఎవరు ఎప్పుడు లేచి వెళతారో నిర్ణయిస్తున్నది. ఉష్ణోగ్రతను మెల్లగా పెంచుతూ క్షణక్షణానికీ బరువు ఎంత తగ్గుతున్నదో గీతగా గీసి చూపే పద్ధతికి ఉష్ణభార విశ్లేషణ అని పేరు. ఘనపదార్థాలను వేడిచేసి పరిశోధించేవారికి ఇది అన్నిటికంటె నమ్మకమైన సాధనం.

మైలుతుత్తంలో లైగాండు నీరు. వేడి తగలగానే అది ఆవిరై వెళ్లిపోతుంది, వెనుక లవణం మిగులుతుంది. దాని స్థానంలో, వేడికి పారిపోకుండా ఒకదానితో ఒకటి చేయి కలిపే స్వభావం ఉన్న అణువులను లోహం చుట్టూ కూర్చోబెడితే ఏమి జరుగుతుంది? అటువంటి స్ఫటికాన్ని వేడిచేసినప్పుడు లోహం పక్కకు తప్పుకొని, ఆ అణువులు ఒకదాని వెంట ఒకటి కలిసి గొలుసుగా ఏర్పడతాయి. మరొకవిధంగా చెప్పాలంటే పరీక్షనాళికలో ఒక పాలిమర్ తయారవుతుంది.

పాలిమర్ అంటే వందల, వేల సంఖ్యలో చిన్న అణువులు వరుసగా బంధించుకొని ఏర్పడిన దీర్ఘమైన అణువు. పత్తి, గోగునార, పట్టు ప్రకృతి చేసిన పాలిమర్లు. నైలాన్ తాడు, నీళ్ల బకెట్, విద్యుత్ తీగ మీది తొడుగు మనిషి చేసినవి. నిజంగానే అంత పొడవైన అణువులు ఉంటాయని 1920లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ చెప్పినప్పుడు సమకాలికులు చాలామంది నమ్మలేదు. చిన్న అణువులే గుంపుగా చేరి పెద్దవాటివలె కనిపిస్తున్నాయని వాదించారు. ఆయనకు నోబెల్ పురస్కారం 1953లో గాని రాలేదు.

పాలిమర్లను సాధారణంగా ద్రవస్థితిలోనో, వాయుస్థితిలోనో, ద్రావణంలోనో తయారుచేస్తారు. ద్రావణంలోని అణువుల స్థితి జాతరలోని జనం వంటిది. అందరూ తిరుగుతుంటారు, ఎవరు ఎవరికి తగులుతారో చెప్పలేము. తగిలినవారిలో కొందరు చేతులు కలుపుతారు. ఈ సంచారానికి వీలు కల్పించేది ద్రావణి. పని ముగిసిన తరువాత ఆ ద్రావణిని తీసివేయాలి, శుద్ధి చేయాలి, లేదా ఎక్కడో ఒకచోట వదిలివేయాలి. ఆ చివరి మాటలోనే చిక్కంతా ఉంది.

హైదరాబాదు పరిసరాలవారికి ఈ చిక్కు కొత్తది కాదు. తూర్పు మారేడ్‌పల్లి నుంచి లాలాగూడ, మెట్టుగూడల మీదుగా కొద్ది కిలోమీటర్లు వెళ్తే తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. 1944లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం నెలకొల్పిన ఆ ప్రయోగశాల 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో నేటి పేరుతో రూపొందింది. మందులు, నూనెలు, పూతలు, పాలిమర్లు అక్కడి పరిశోధనలలో ముఖ్యమైనవి. నగరం చుట్టూ రసాయన, ఔషధ పరిశ్రమలు పెరగటానికి కావలసిన విజ్ఞానంలో చాలా భాగం ఆ ప్రాంగణం నుంచే వచ్చింది. నగరానికి మరొక దిక్కున పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల నుంచి వెలువడిన వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, చెరువులను, బావులను, పంటపొలాలను పాడుచేసిన ఉదంతం 1990లో సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ జలాలలో లవణాలతోపాటు ద్రావణుల అవశేషాలు కూడా ఉండేవి. ద్రావణి అవసరం లేకుండా చర్య జరిపించగలిగితే మేలన్న ఆలోచనకు ఇటువంటి అనుభవాలే బలం చేకూర్చాయి. ఘనపదార్థాన్ని ఘనపదార్థంగానే ఉంచి వేడిచేసే పద్ధతుల మీద ఆసక్తి పెరగటానికి ఇదొక కారణం.

ఘనస్థితిలో అణువుల తీరు వేరు. అది పెళ్లిలో బంతి భోజనం వంటిది. ఎవరి విస్తరి ముందు వారు కూర్చుంటారు. ఎవరూ లేచి తిరగరు. ఎవరైనా చేయి కలపగలిగితే పక్కనున్నవారితోనే. కాబట్టి ఘనస్థితిలో చర్య జరగాలంటే కలవవలసిన అణువులు ముందే ఒకదాని పక్కన ఒకటి, సరైన దిశలో కూర్చొని ఉండాలి. వడ్డన మొదలు కాకముందే బంతి తీర్చినట్లు, చర్య మొదలు కాకముందే అమరిక సిద్ధం కావాలి.

ఘనస్థితిలో వేడిచేయటం ప్రయోగశాలకే పరిమితమైన వింత కాదు. విద్యార్థి సంచిలో ఉండే మంచినీళ్ల సీసా సాధారణంగా పాలిఇథిలీన్ టెరిథాలేట్ అనే పాలిమర్‌తో తయారవుతుంది. దానిని మొదట ద్రవస్థితిలో చేసి, చిన్న గుళికలుగా కత్తిరిస్తారు. అప్పటికి గొలుసులు సీసా చేయటానికి తగినంత పొడవుగా ఉండవు. ఆ గుళికలను కరగనీయకుండా, ద్రవీభవన స్థానానికి ఇంకా 40, 50 డిగ్రీలు దిగువన, సుమారు 200 నుంచి 220 డిగ్రీల వద్ద గంటల తరబడి వేడిచేస్తారు. గుళిక గుళికగానే ఉంటుంది, లోపల గొలుసులు కొసలు కలుపుకొని పొడవు పెరుగుతాయి. ఈ చర్యకు తోడ్పడే ఉత్ప్రేరకం చాలా కర్మాగారాలలో ఆంటిమొనీ అనే మూలకపు సమ్మేళనం. అయితే ఇక్కడ ఆ లోహ సమ్మేళనం స్వల్పమైన తోడు మాత్రమే. స్ఫటికమంతా లోహ సంశ్లిష్టమే అయినప్పుడు కథ మరింత ఆసక్తికరంగా ఉంటుంది.

ఆ కథ మొదలు ఆశ్చర్యకరంగా చాలా పాతది. 1916 ప్రాంతంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హంటర్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ట్రైబ్రోమోఫీనాల్ యొక్క వెండి లవణాన్ని పరిశీలిస్తూ వచ్చారు. అది విచ్ఛిన్నమైనప్పుడు వెండి బ్రోమైడుతోపాటు, స్ఫటికరూపం ఏదీ లేని ఒక తెల్లని పొడి మిగిలేది. దానిని వారు రూపరహిత ఆక్సైడ్ అన్నారు. స్టౌడింగర్ వ్యాసానికి నాలుగేళ్ల ముందే ఒక పాలిమర్ వారి చేతికి వచ్చిందన్నమాట. పేరు పెట్టటానికి తగిన భావన మాత్రం శాస్త్రంలో అప్పటికి స్థిరపడలేదు. ఆ పొడిని కొలిచి, తూచి, గుణాలు రాసిపెట్టిన వారి ఓపికను మెచ్చుకోవాలి.

తరువాతి మలుపు 1956లో వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న అలన్ హే, క్లోరిన్ లేని ఒక మిథైల్ ఫీనాల్‌ను రాగి, పిరిడీన్‌ల సంశ్లిష్టం సమక్షంలో ఆక్సిజన్‌తో కలిపి, గది ఉష్ణోగ్రత వద్దనే పాలిఫినిలీన్ ఆక్సైడ్‌ను తయారుచేశాడు. 200 డిగ్రీలకు పైగా వేడిని ఓర్చుకొనే ఆ పాలిమర్‌ను అచ్చుపోయటం కష్టమవటంతో, పాలిస్టైరీన్‌తో కలిపి 1966లో నోరిల్ అనే పేరుతో విపణిలోకి తెచ్చారు. విద్యుత్ పరికరాల పెట్టెలు, యంత్రభాగాలు దానితో తయారయ్యాయి. ఇది ద్రావణంలో జరిగే చర్య. కానీ ఫీనాల్, రాగి, పిరిడీన్ ఈ మూడింటి చెలిమి ఎంత ఫలవంతమో దీనివల్ల లోకానికి తెలిసింది.

ఆ మూడింటినీ ఒకే ఘన సంశ్లిష్టంగా ముందే కూర్చి, ద్రావణి లేకుండా, బయటి నుంచి ఆక్సిజన్ ఇవ్వకుండా కేవలం వేడిచేస్తే చాలునని చూపిన పరిశోధనలు 1980 దశకం ప్రారంభంలో వెలువడ్డాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జాన్ హారోడ్, ఆయనతో కలిసి పనిచేసిన టర్కీ శాస్త్రవేత్త డుయ్గు కిసాకురెక్ ఈ పనికి ఆద్యులలో ముఖ్యులు. అటుపిమ్మట టర్కీ రాజధాని అంకారాలోని మధ్యప్రాచ్య సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ రంగానికి నిలయమైంది. రాగితో మొదలుపెట్టి కోబాల్ట్, నికెల్ వంటి లోహాల సంశ్లిష్టాలను అక్కడ వరుసగా పరిశీలించారు. 2000 తరువాత కొలిమికి బదులు సూక్ష్మతరంగాలను కూడా ఉపయోగించారు.

ప్రయోగం మొదలయ్యేది విద్యార్థికి పరిచయమైన మైలుతుత్తంతోనే. దాని నీలి ద్రావణానికి పిరిడీన్ కలిపి, క్షారంలో కరిగించిన ట్రైక్లోరోఫీనాల్‌ను చేరిస్తే రంగు మారి అవక్షేపం ఏర్పడుతుంది. దానిని వడకట్టి ఆరబెడితే కావలసిన సంశ్లిష్టం లభిస్తుంది. ఇందులో రాగి నడుమ ఉంటుంది. ఎదురెదురుగా రెండు పిరిడీన్లు తమ నైట్రోజన్లతో, మరో రెండు వైపుల రెండు ఫీనాల్ వలయాలు తమ ఆక్సిజన్లతో రాగిని పట్టుకొని ఉంటాయి. ప్రతి ఫీనాల్ వలయం మీద మూడు క్లోరిన్లు ఉంటాయి. ఆక్సిజన్‌కు ఇరుపక్కల ఆర్థో స్థానాలలో రెండు, సరిగ్గా ఎదురుగా పారా స్థానంలో ఒకటి. ఆర్థో క్లోరిన్లు రాగి వైపు కాస్త ఒరిగి దానిని బలహీనంగా తాకుతుంటాయి కూడా. బంతి సిద్ధమైంది.

ఈ పొడిని గాలి తగలని నాళికలో 100 నుంచి 250 డిగ్రీల నడుమ, గంటల తరబడి, ఒక్కొక్కసారి రెండు రోజులవరకు కూడా వేడిచేస్తారు. అప్పుడు జరిగేది ఇది అని భావిస్తున్నారు. ఫీనాల్ వైపు నుంచి ఒక ఎలక్ట్రాన్ రాగి మీదికి జరుగుతుంది. రాగి రెండు ధనావేశాల స్థితి నుంచి ఒక ధనావేశపు స్థితికి దిగుతుంది. ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన ఫీనాల్ వలయం జత లేని ఎలక్ట్రాన్‌తో, స్వేచ్ఛా ప్రాతిపదికగా మారి, తోడు కోసం ఆత్రపడుతుంది. దాని ఆక్సిజన్ పొరుగు వలయంలో క్లోరిన్ ఉన్న కార్బన్‌ను పట్టుకుంటుంది. స్థానం కోల్పోయిన క్లోరిన్ రాగి నుంచి ఎలక్ట్రాన్‌ను తీసుకొని క్లోరైడుగా మారి దాని వద్దనే స్థిరపడుతుంది. రాగి మళ్లీ రెండు ధనావేశాల స్థితికి చేరుతుంది. వలయం, ఆక్సిజన్, వలయం, ఆక్సిజన్ వరుసగా గొలుసు పెరుగుతుంది. రాగి అప్పు తీసుకొని తీర్చినట్లు ఎలక్ట్రాన్‌ను తీసుకొని తిరిగి ఇచ్చింది, లెక్కలో చివరికి ఏమీ మిగలలేదు. హే పద్ధతిలో బయటి ఆక్సిజన్ అవసరమై, ఇక్కడ అవసరం లేకపోవటానికి కారణం ఈ లెక్కే. వదిలిపోయే క్లోరిన్ ఆ పని చేసిపెడుతున్నది.

లెక్క మాట వచ్చింది కాబట్టి తూకాన్ని కూడా చూడవచ్చు. ఈ సంశ్లిష్టపు అణుభారం సుమారు 615. ఒక్కొక్క సంశ్లిష్టం నుంచి గొలుసుకు రెండు కడియాలు వస్తాయి, ఒక్కొక్క కడియం భారం 161. అంటే 100 గ్రాముల పొడి నుంచి, చర్య నూటికి నూరుపాళ్లు జరిగినా, 52 గ్రాములకు మించి పాలిమర్ రాదు. తక్కిన 48 గ్రాములు రాగి క్లోరైడు, పిరిడీన్‌ల సంశ్లిష్టం. సగానికి సగం ఉపఫలమే అయిన పద్ధతిని కర్మాగారం ఆదరించదు. ద్రావణి బెడద కూడా పూర్తిగా తీరదు. చర్య ద్రావణి లేకుండా జరిగినా, పాలిమర్‌ను రాగి లవణం నుంచి వేరుచేయటానికి టోలీన్‌లో కరిగించి, మిథనాల్‌లో పోసి అవక్షేపించవలసిందే. ఘనస్థితి పద్ధతులన్నీ పర్యావరణానికి హాని లేనివన్న ప్రచారాన్ని ఈ ఒక్క వాక్యంతో సరిచూసుకోవచ్చు.

అయినా శాస్త్రవేత్తలు దీనిని దశాబ్దాలపాటు వదలకపోవటానికి కారణం ఉంది. ఒక్కొక్క అంశాన్నీ మార్చి చూసి, అమరికకు, ఫలితానికి ఉన్న సంబంధాన్ని తెలుసుకొనే అవకాశం ఇక్కడ లభిస్తుంది. క్లోరిన్‌కు బదులు బ్రోమిన్ ఉంటే కార్బన్‌తో దాని బంధం బలహీనం కాబట్టి త్వరగా వదిలిపోతుంది. పిరిడీన్‌కు బదులు వేరొక లైగాండును పెడితే చర్య ఆరంభమయ్యే ఉష్ణోగ్రత మారుతుంది. ఆక్సిజన్ పారా స్థానంలో కలిస్తే గొలుసు తిన్నగా సాగుతుంది, ఆర్థో స్థానంలో కలిస్తే వంపు తిరుగుతుంది, ఒకే వలయంలో రెండుచోట్లా కలిస్తే కొమ్మలు వేస్తుంది. వేడి, కాలం మారితే ఈ పాళ్లు కూడా మారతాయి. గొలుసులు చాలా పొడవుగా పెరగకపోవటం ఈ పద్ధతిలోని మరొక పరిమితి.

బంతి భోజనం పోలికకు కూడా ఒక హద్దు ఉంది. 1969లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ వెగ్నర్ పరిశోధించిన డయాసిటిలీన్ స్ఫటికాలలో అణువులు ఉన్నచోటనే స్వల్పంగా ఒరిగి చేతులు కలుపుతాయి, చర్య ముగిసిన తరువాత కూడా స్ఫటికం స్ఫటికంగానే నిలుస్తుంది. రాగి సంశ్లిష్టంలో అలా కాదు. తొలి కలయికలు జరగగానే వరుస చెదురుతుంది. విస్తళ్లు ఎత్తకముందే బంతి లేచిపోయినట్లు స్ఫటికం కూలి, రూపరహితమైన పాలిమర్ మిగులుతుంది. అమరిక మొదటి అడుగును శాసించగలదు గాని, చివరి అడుగు దాకా శాసించలేదు.

అడుగు తప్పితే ఏమవుతుందన్నది ఈ విషయంలో అన్నిటికంటె గంభీరమైన ప్రశ్న. గొలుసులో పక్కపక్కనున్న రెండు కడియాలను మాత్రం తీసుకుందాం. మొదటి వలయపు ఆక్సిజన్ రెండవ వలయపు ఆర్థో స్థానాన్ని పట్టుకున్నది. అప్పుడు రెండవ వలయపు ఆక్సిజన్ మూడవ అణువు వైపు చేయి చాచకుండా, వెనుదిరిగి మొదటి వలయపు ఆర్థో స్థానాన్నే పట్టుకుంటే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. రెండు బెంజీన్ వలయాలు, వాటి నడుమ రెండు ఆక్సిజన్ల వంతెనలు, నాలుగు క్లోరిన్లు ఉన్న ఒక మూసిన ఆకృతి ఏర్పడుతుంది. దాని పేరు టెట్రాక్లోరో డయాక్సిన్. అందులోని కార్బన్లు, హైడ్రోజన్లు, క్లోరిన్లు, ఆక్సిజన్ల సంఖ్య పాలిమర్‌లోని రెండు కడియాలతో సరిగ్గా సమానం. మూలకాల శాతాలను మాత్రమే కొలిచే విశ్లేషణ ఈ రెండింటినీ వేరుచేసి చెప్పలేదు. దారంగా సాగితే నిరుపద్రవమైన పొడి, ఉంగరంగా ముడిపడితే డయాక్సిన్. క్లోరోఫీనాల్ లవణాలను వేడిచేసినప్పుడు డయాక్సిన్లు ఏర్పడగలవని చాలాకాలంగా తెలిసినదే. కాబట్టి ఇటువంటి ప్రయోగాలు శిక్షణ పొందినవారు, ఆవిర్లను లాగివేసే పేటికలలో మాత్రమే చేయదగినవి. కళాశాల రసాయనశాలలో మైలుతుత్తంతో చేసినంత తేలికగా చేయకూడనివి.

డయాక్సిన్లన్నీ సమానమైన విషాలు కావు. క్లోరిన్లు ఏ స్థానాలలో ఉన్నాయన్న దానిని బట్టి విషతీవ్రత మారుతుంది. పైన చెప్పిన ట్రైక్లోరోఫీనాల్ నుంచి వచ్చేవి వాటిలో తీవ్రమైనవి కావు. క్లోరిన్ల స్థానాలు కాస్త వేరుగా ఉన్న దాని సోదర సమ్మేళనం నుంచి మాత్రం అత్యంత తీవ్రమైన రకం వస్తుంది. ఇటలీలో మిలాన్ సమీపంలోని సెవెసో పట్టణం దగ్గర ఆ సోదర సమ్మేళనాన్ని తయారుచేసే కర్మాగారంలో 1976 జూలై 10న చర్యాపాత్రలో ఉష్ణోగ్రత అదుపు తప్పింది. పీడనానికి రక్షణబిళ్ల పగిలి, విషపు మేఘం ఊళ్ల మీదికి వ్యాపించింది. కోళ్లు, కుందేళ్లు మొదలైన జంతువులు 3,000కు పైగా చనిపోయాయి. సుమారు 200 మందికి చర్మం మీద క్లోరాక్నే అనే వ్యాధి వచ్చింది. వారిలో ఎక్కువమంది పిల్లలు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఆ రకం డయాక్సిన్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. శరీరంలోని కొవ్వులో చేరిన డయాక్సిన్ సగానికి తగ్గటానికి 7 నుంచి 11 సంవత్సరాలు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడికలో డయాక్సిన్లను తగ్గించవలసిన పదార్థాలుగా పేర్కొన్నారు. ఆ ఒడంబడికను భారతదేశం 2006లో ఆమోదించింది.

సెవెసో దూరదేశం. చెత్తకుప్ప దగ్గరిది. విద్యుత్ తీగ మీది తొడుగు సాధారణంగా పాలివినైల్ క్లోరైడ్. దాని బరువులో సగానికి పైగా క్లోరినే. లోపలి తీగ రాగి. లోపలి రాగి కోసం పాత తీగలను కుప్పపోసి కాల్చే అలవాటు దేశంలోని అనేక నగరాలలో ఉంది. అంకారాలో పరిశోధకులు గాలి తగలని నాళికలో కొలిచి కలిపిన క్లోరిన్, కార్బన్ వలయాలు, రాగి, వేడి అన్నీ ఆ మంటలో కొలత లేకుండా కలుస్తాయి. అక్కడ ఎవరూ బంతి తీర్చలేదు, ఉష్ణోగ్రతను ఎవరూ కాపాడటం లేదు. రాలిన ఆకులతోపాటు ప్లాస్టిక్ సంచులను ఊడ్చి వీధిమూల నిప్పుపెట్టినా జరిగేది అదే తరహా రసాయనం, మోతాదు మాత్రం తక్కువ. బహిరంగంగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చినవారికి 25,000 రూపాయలు పరిహారం విధించాలని జాతీయ హరిత న్యాయస్థానం 2016 డిసెంబరులో ఆదేశించింది.

మారేడ్‌పల్లితో సహా జంటనగరాల చెత్త చేరే జవహర్‌నగర్‌లో 2020లో చెత్తను మండించి విద్యుత్తును తయారుచేసే కర్మాగారం ప్రారంభమైంది. అటువంటి కొలిమిని నడపటంలో రెండు నియమాలున్నాయి. వెలువడిన వాయువులను కనీసం 850 డిగ్రీల వద్ద 2 సెకన్లయినా ఉంచాలి. అంత వేడికి డయాక్సిన్ల వలయాలు తెగిపోతాయి. కానీ పొగ చల్లారుతూ 400 నుంచి 200 డిగ్రీలకు దిగే సమయంలో, బూడిదలోని రాగి లవణాల మీద అవే వలయాలు మళ్లీ కట్టుకోగలవు. సంశ్లిష్టాలను వేడిచేసే ప్రయోగశాల నాళికలో చర్య జరిగే ఉష్ణోగ్రతలు కూడా ఇంచుమించు ఆ దిగువ హద్దు దగ్గరివే. అందువల్ల ఆ హద్దులో పొగను ఎక్కువసేపు నిలవనీయకుండా వీలైనంత వేగంగా చల్లార్చి, బొగ్గుపొడి మీదుగా పంపి, బూడిదను వడపోతసంచులలో పట్టి, తరువాతే పొగగొట్టానికి వదలాలి.